చెక్కు ఫొటో వేసే ముందు ఉప్పు లెక్క అడగండి

సంపాదకులకు నమస్కారం.

మార్చి నెల వచ్చిందంటే మన పత్రికల జిల్లా పేజీల్లో ఒకే రకం ఫొటో కనబడుతుంది. సర్కారు బడి ముందరో, ఏరియా ఆసుపత్రి వరండాలోనో నిలువెత్తు చెక్కు పట్టుకుని కంపెనీ ప్రతినిధులు, అధికారులు, నాయకులు వరుసగా నిలబడతారు. ఫలానా కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఇన్ని లక్షలు ఇచ్చిందని కింద మూడు లైన్ల వార్త ఉంటుంది. ఇచ్చిన డబ్బు నిజమే. దాంతో కొన్న బెంచీలూ, డయాలసిస్ యంత్రాలూ నిజమే. ఆ వార్త వేయొద్దని నేను కోరడం లేదు. ఆ డబ్బును కంపెనీ ఎలా సంపాదించిందో చెప్పే నాలుగు లైన్లు కూడా పక్కన ఉండాలని కోరుతున్నాను. ఆ సమాచారం ఎక్కడ దొరుకుతుందో, దొరికాక ఎలా చదవాలో కింద రాశాను. ఉత్తరం పొడుగే, కానీ లెక్కలు చెప్పకుండా ఈ విషయం మాట్లాడితే ప్రయోజనం లేదు.

ముందు చట్టం సంగతి. కంపెనీల చట్టం–2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కంపెనీ నికర విలువ రూ.500 కోట్లు గానీ, టర్నోవర్ రూ.1,000 కోట్లు గానీ, నికర లాభం రూ.5 కోట్లు గానీ ఉంటే, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. 2021 జనవరిలో నిబంధనలు బిగించారు. ఏడాదిలో ఖర్చు కాని డబ్బు కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే మార్చి 31 తర్వాత 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేయాలి. అలాంటి ప్రాజెక్టు లేకపోతే ఆరు నెలల్లో ప్రభుత్వం పేర్కొన్న నిధికి పంపాలి. పంపకపోతే కట్టాల్సిన మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది జరిమానా. మార్చిలో చెక్కుల హడావుడికి కారణం చాలావరకు ఈ గడువే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఏటా రూ.800 కోట్ల అమ్మకాలు, సగటున రూ.100 కోట్ల లాభం ఉన్న కంపెనీని తీసుకుందాం. అది పెట్టాల్సిన సీఎస్‌ఆర్ ఖర్చు రూ.2 కోట్లు, అంటే అమ్మకాల్లో పావు శాతం. మిగతా రూ.700 కోట్లు ముడిసరుకుకు, కూలికి, కరెంటుకు, నీళ్లకు, కాంట్రాక్టర్లకు, చిన్న సప్లయర్లకు వెళ్తాయి. కంపెనీ నీతి తేలేది ఆ ఏడొందల కోట్ల దగ్గర. మన చూపంతా మాత్రం రెండు కోట్ల మీదే ఉంటోంది. ఇంకో చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనిని సీఎస్‌ఆర్‌గా చూపకూడదని నిబంధనలే చెబుతున్నాయి. కలుషిత జలాల శుద్ధి, కనీస వేతనం, భద్రతా పరికరాలు వంటివి ఆ లెక్కలోకి రావు. అవి ముందు తీర్చాల్సిన అప్పు.

ఆ అప్పు తీరుతోందా లేదా అన్నది మన హైదరాబాద్ చుట్టూ నీళ్లలో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జీడిమెట్ల ప్రాంతాల్లో మందుల ముడిపదార్థాలు తయారుచేసే బల్క్ డ్రగ్ పరిశ్రమ దశాబ్దాలుగా ఉంది. మంజీరలో కలిసే నక్కవాగు దుస్థితి మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అదీ శుద్ధి చేశాక వచ్చిన నీళ్లు. బ్యాక్టీరియా అలాంటి నీళ్లలో ఏళ్ల తరబడి బతికితే మందుకు లొంగనివే మిగులుతాయి. ఆ నష్టం వాగు ఒడ్డునే ఆగిపోదు.

మందుల తయారీలో ఆమ్లాన్ని కాస్టిక్ సోడాతో తటస్థం చేసే ప్రతిసారీ ఉప్పు పుడుతుంది. సోడియం క్లోరైడ్, సోడియం సల్ఫేట్ వంటివి నీళ్లలో కరిగే ఉంటాయి. ఉప్పు ఎక్కువైతే శుద్ధి ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అందుకే నీళ్లను పుట్టిన చోటే రెండుగా విడగొట్టాలి. మామూలుగా లీటరుకు 5 గ్రాముల లవణాల దగ్గర గీత గీస్తారు. ఎక్కువ ఉప్పున్న నీళ్లు ముందు స్ట్రిప్పర్‌కు పోతాయి. అక్కడ మిథనాల్, ఎసిటోన్ వంటి సాల్వెంట్లు (రసాయనాలను కరిగించే ద్రవాలు) ఆవిరిగా విడిపోతాయి. ఆ తర్వాత దశలవారీగా మరిగించే మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్‌లో నీటిని మరిగించి చిక్కబరుస్తారు. చిక్కబడ్డ ద్రవాన్ని ఏటీఎఫ్‌డీ అనే పలచని పొర డ్రయర్‌లో ఆరబెడితే ఉప్పు పొడిగా రాలుతుంది. దాన్ని సంచుల్లో నింపి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల ల్యాండ్‌ఫిల్‌కు పంపాలి. ఆవిరి చల్లబడితే వచ్చిన నీళ్లు, తక్కువ ఉప్పున్న నీళ్లు సూక్ష్మజీవులు పనిచేసే బయలాజికల్ ట్యాంకుకు, అక్కడి నుంచి ఆర్‌ఓకు వెళ్తాయి. ఆర్‌ఓ వదిలేసిన ఉప్పు నీళ్లు మళ్లీ ఎవాపరేటర్‌కే రావాలి. జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలకపోవడం) అంటే ఈ చక్రం ఎక్కడా తెగకుండా తిరగడం.

తెగేది ఖర్చు దగ్గరే. ఎవాపరేటర్ గొట్టాల్లో ఉప్పు గారలా పేరుకుంటుంది, ఆపి కడగాలి. కడిగే రోజుల్లో కూడా మందు తయారయ్యే రియాక్టర్లు ఆగవు. నిల్వ ట్యాంకు చిన్నదైతే నిండిపోతుంది. ఆ సమయంలో గట్టి వాన పడిందంటే నాలా దగ్గరలోనే ఉంటుంది, ఎవరూ చూడరు. రాత్రి ట్యాంకర్లు, ఎండిన బోర్లలోకి వదలడం కూడా ఇలాగే మొదలవుతాయి. చాలాచోట్ల జరిగేది ముందే పథకం వేసుకున్న నేరం కాదు. శుద్ధి సామర్థ్యాన్ని పెంచకుండా ఉత్పత్తిని పెంచిన నిర్ణయం. ఆ నిర్ణయం జరిగేది షాప్ ఫ్లోర్ మీద కాదు, బోర్డు గదిలో. అందుకే దాన్ని వ్యాపార నీతి కిందే చూడాలి.

దీన్ని కనిపెట్టడానికి కెమిస్ట్రీ డిగ్రీ అక్కర్లేదు. ఒక ఫ్యాక్టరీలో రోజుకు 100 కిలోలీటర్ల ఎక్కువ ఉప్పు నీళ్లు వస్తాయనుకుందాం. అందులో లీటరుకు 40 గ్రాముల లవణాలు ఉన్నాయనుకుంటే లక్ష లీటర్లకు 40 లక్షల గ్రాములు, అంటే రోజుకు 4 టన్నుల ఉప్పు. ఏడాదికి 300 రోజులు నడిస్తే 1,200 టన్నులు. సంచుల్లోకి వచ్చే ఉప్పులో తేమ, సేంద్రియ పదార్థం కూడా కలుస్తాయి కాబట్టి తూకం ఇంకా పెరగాలి గానీ తగ్గకూడదు. ప్రమాదకర వ్యర్థం గేటు దాటిన ప్రతిసారీ ఫారం 10 మానిఫెస్ట్ (రవాణా చీటీ) రాయాలి, ఏడాది చివర ఫారం 4 రిటర్న్ దాఖలు చేయాలి. ఆ రిటర్న్‌లో దుండిగల్‌కు పంపింది 300 టన్నులే అని ఉంటే మిగతా 900 టన్నులు ఎటు పోయాయి? ఉప్పు ఆవిరి కాదు. నేలలోకో, నాలాలోకో పోయి ఉండాలి.

దీనికి తోడు బొగ్గు లెక్క కూడా చూడొచ్చు. రోజుకు వంద కిలోలీటర్లను మూడు దశల ఎవాపరేటర్‌లో మరిగించి, మిగిలినదాన్ని ఆరబెట్టడానికి సుమారు 35 నుంచి 45 టన్నుల ఆవిరి కావాలి. మామూలు బొగ్గు బాయిలర్‌లో అందుకు 7 నుంచి 9 టన్నుల బొగ్గు పడుతుంది. యంత్రం అంకెలను దిద్దవచ్చు, ఆన్‌లైన్ మీటరు సెన్సర్‌ను మంచినీళ్ల బకెట్లో పెట్టవచ్చు. కొనని బొగ్గుకు బిల్లు పుట్టించడం, తేలని ఉప్పుకు వేబ్రిడ్జి చీటీ పుట్టించడం అంత సులువు కాదు. బొగ్గు బిల్లులు, వేబ్రిడ్జి చీటీలు, ఫారం 4 రిటర్న్, ఈ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నిజం చాలావరకు బయటపడుతుంది.

ఈ లెక్క పక్కన పెట్టి, అదే ప్రాంతంలో కంపెనీలు ఇచ్చే మంచినీటి ప్లాంట్లను చూడండి. బోరు నీళ్లు పాడైన ఊరికి గంటకు వెయ్యి లీటర్ల ఆర్‌ఓ ప్లాంటు ఇచ్చి రిబ్బన్ కత్తిరిస్తారు. ఆర్‌ఓ ఉప్పును మాయం చేయదు. తోడిన నీటిలో దాదాపు సగాన్ని ఇంకా ఉప్పగా మార్చి వదిలేస్తుంది. అది మోరీలోకో, అదే బోరు పక్క గుంతలోకో పోతే నాలుగేళ్లలో బోరు ఇంకా చెడుతుంది. మెంబ్రేన్‌ను రెండు మూడేళ్లకోసారి మార్చాలి, ఫిల్టర్లు అంతకంటే తరచుగా మార్చాలి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో, ఆపరేటర్ జీతం ఎవరిదో ఒప్పందంలో రాయరు. మూడో ఏడు వచ్చేసరికి తాళం పడుతుంది. మిషన్ భగీరథ నీళ్లు సరిగ్గా వస్తున్న ఊళ్లో అసలు ప్లాంటు కంటే ట్యాంకుకు క్లోరినేటరు, నెలనెలా నీటి పరీక్ష ఎక్కువ ఉపయోగపడతాయి. కానీ వాటి ముందు నిలబడి ఫొటో దిగడం కుదరదు.

బడుల్లో కట్టే మరుగుదొడ్లదీ ఇదే గతి. టైల్స్ కంటే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. పైన ట్యాంకులో రోజూ నీళ్లు ఉంటాయా, శుభ్రం చేసే మనిషికి నెల జీతం ఎవరిస్తారు, సెప్టిక్ ట్యాంకు పిల్లల సంఖ్యకు సరిపోతుందా. ఆడపిల్లల బడైతే వాడిన ప్యాడ్లు పడేసే ఏర్పాటు ఉందా అన్నది నాలుగోది. అది లేకపోతే కమోడ్ మూసుకుపోయి ఆ గది మొత్తం నిరుపయోగం అవుతుంది. చట్టం ఈ విషయంలో కంపెనీకి అడ్డుపడదు. కొనసాగే ప్రాజెక్టుగా పెడితే మొదలైన ఏడాది కాక మరో మూడేళ్లు ఖర్చు పెట్టవచ్చు. నా సలహా ఏమిటంటే పది లక్షల పనికి ఆరు లక్షలు కట్టడానికి పెట్టి, నాలుగు లక్షలు నిర్వహణకు పక్కన పెట్టాలి. నాలుగు బళ్లలో కట్టే బదులు రెండు బళ్లలో కట్టినా సరే. పరిపాలనా ఖర్చుకు ఉన్న 5 శాతం పరిమితి కంపెనీ సీఎస్‌ఆర్ విభాగం సొంత ఖర్చుల మీద పెట్టింది. బడిలో శుభ్రం చేసే మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చు. ఈ తేడా తెలియక చాలామంది మేనేజర్లు నిర్వహణకు డబ్బు కేటాయించడానికే భయపడుతున్నారు.

ఫలితం ఏమైందో కొలిచే నిబంధన కూడా పెద్దవాళ్లకే వర్తిస్తుంది. మూడేళ్ల సగటున రూ.10 కోట్లు, ఆపైన సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీ, కోటి రూపాయలు, ఆపైన ఖర్చయ్యే ప్రాజెక్టులకు, అవి పూర్తయి ఏడాది గడిచాక బయటి సంస్థతో మదింపు చేయించాలి. ఊరి ప్లాంటు, బడి గది అందులోకి రావు. వాటి గురించి అడగగలిగింది స్థానిక విలేకరి ఒక్కరే. మూడేళ్ల కిందట ఫొటో దిగిన చోటుకు వెళ్లి మళ్లీ ఫొటో తీయడం మీ పత్రిక చేయగలిగిన అతి చవకైన మదింపు.

కూలి సంగతికొస్తాను. మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల భవనాల్లో సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాంటీన్ పనులు, ఫ్యాక్టరీల్లో లోడింగ్ నుంచి రియాక్టర్ దగ్గర హెల్పర్ దాకా చాలా పనులు కాంట్రాక్టర్ చేతిలో ఉంటాయి. టెండరులో అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికి పని ఇస్తారు. ఆ కోట్‌ను విప్పి చూస్తే అన్యాయం కాగితం మీదే కనబడుతుంది. మనిషికి నెల కూలి రూ.15,000 అనుకుందాం. యజమాని వాటా పీఎఫ్, దాని అనుబంధ చార్జీలు కలిపి 13 శాతం, అంటే రూ.1,950. ఈఎస్‌ఐ 3.25 శాతం, రూ.488. బోనస్ 8.33 శాతం, రూ.1,250. గ్రాట్యుటీకి 4.81 శాతం పక్కన పెడితే రూ.722. మొత్తం రూ.19,400 దాటింది. ఇందులో యూనిఫాం లేదు, సెలవు జీతం లేదు, కాంట్రాక్టర్‌కు పైసా లాభం లేదు. ఇప్పుడు ఎవరైనా మనిషికి రూ.18,000 చొప్పున కోట్ చేస్తే, దాని మీద సంతకం పెట్టిన కొనుగోలు మేనేజర్‌కు ఏదో ఒకటి ఎగ్గొడతారని తెలిసి ఉండాలి. పీఎఫ్ కట్టరు, లేదా కట్టినట్టు చూపి కూలిలోంచే రెండు వాటాలూ కోస్తారు. లేదా ఖాతాలో వేసి, ఏటీఎం కార్డు తమ దగ్గరే పెట్టుకుంటారు.

కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు యజమానే ఇవ్వాలని చట్టం ఉంది. దాన్ని ముందుగానే పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి నెలా కాంట్రాక్టర్ బిల్లు పాస్ చేసే ముందు గేటు హాజరునూ, పీఎఫ్ కోసం నెలనెలా దాఖలు చేసే జాబితా అయిన ఈసీఆర్‌లోని పేర్లనూ పోల్చాలి. గేటులో 240 మంది, ఈసీఆర్‌లో 160 పేర్లు ఉంటే 80 మంది కాగితం మీద లేరన్నమాట. ప్రమాదం జరిగిన రోజు ఆ లేకపోవడం ఎంత ఘోరమో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చిన కార్మికులు వాళ్లలో చాలామంది. మృతులను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది, కొందరి ఆనవాళ్లు దొరకనే లేదు. ఏ షిఫ్టులో, ఏ బ్లాకులో ఎవరు ఉన్నారో నిమిషంలో చెప్పగల జాబితా గేటు బయట కూడా ఒక కాపీగా ఉండాలి. దానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. అది లేని ఫ్యాక్టరీ ఊరికి అంబులెన్సు బహూకరిస్తే, ముందు గేటు జాబితా చూపించమని అడిగే హక్కు ఊరికి ఉంది.

చిన్న సప్లయర్ల బాకీల మీద ఎవరూ వార్త రాయరు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో పదిమందితో లేత్ మిషన్లు నడిపే యూనిట్లకు పెద్ద కంపెనీ 120 రోజుల దాకా డబ్బివ్వకపోతే, ఆ పదిమంది జీతాలు ఆలస్యం అవుతాయి, యజమాని బంగారం తాకట్టుకు పోతుంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లును ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే పది లక్షల బిల్లు 75 రోజులు ఆలస్యమైనందుకు సుమారు రూ.37 వేలు రావాలి. అది అడిగే సప్లయర్ అరుదు. అడిగితే తర్వాతి ఆర్డరు రాదు.

తప్పించుకునే దారులూ తెలిసినవే. సరుకు దిగినా రసీదు రాయకుండా ఆపుతారు, గడువు ఇంకా మొదలు కాలేదంటారు. నిజానికి సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే ఒప్పుకున్నట్టు చట్టం లెక్కిస్తుంది. కాబట్టి సప్లయర్లు డెలివరీ చలానా మీద తేదీ, ముద్ర, సంతకం వేయించుకోవాలి. ఇన్‌వాయిస్‌ను కొత్త తేదీతో మళ్లీ ఇమ్మంటే ఇవ్వకూడదు. 2024–25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి గడువు దాటిన బాకీలను చెల్లించిన ఏడాదిలోనే ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపనిస్తున్నారు. 45 రోజులు దాటిన బాకీల జాబితాను కంపెనీలు ఏటా ఏప్రిల్, అక్టోబర్ నెలల చివరిలోగా ఎంఎస్‌ఎంఈ–1 ఫారంలో దాఖలు చేయాలి. అంటే చిన్న పరిశ్రమలకు శిక్షణ శిబిరాలు పెట్టిన కంపెనీ, అదే చిన్న పరిశ్రమలకు ఎంత బాకీ ఉందో కాగితం మీద ఉంది. రెండూ ఒకే వార్తలో రావాలి.

ఇన్ని ప్రశ్నలు వేస్తే ఇచ్చే చేయి కూడా ముడుచుకుంటుందని కొందరు అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఈ నగరం ఆ విషయంలో చాలా ఖరీదైన పాఠం చూసింది. 2005 ఆగస్టు 15న ఇక్కడ మొదలైన 108 సేవ వెనుక సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడి చొరవ ఉంది. దాని విలువ ఎవరూ కాదనలేరు, రోడ్డు మీద ప్రాణాలు కాపాడింది. అదే కంపెనీకి 2008లో మంచి కంపెనీ పాలనకు (కార్పొరేట్ గవర్నెన్స్) గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న ఆ వ్యవస్థాపకుడు రామలింగరాజు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. అంబులెన్సులు అబద్ధం కాదు, లెక్కలు అబద్ధం. ఒకదాన్ని చూసి రెండోదాన్ని నమ్మడం వల్ల ఉద్యోగులూ, షేర్లు కొన్న మధ్యతరగతి కుటుంబాలూ నష్టపోయారు. ప్రభుత్వం నిర్వహణ ఖర్చు భరించబట్టి, అదే ఏడాది మరో సంస్థ బాధ్యత తీసుకోబట్టి 108 బండ్లు ఆగలేదు. దాత పరిస్థితి మీద ఆధారపడని నిధుల ఏర్పాటు ఉండబట్టే సేవ నిలబడింది. సీఎస్‌ఆర్ ప్రాజెక్టు రాసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కంపెనీలు సమాజం కోసం ఏమీ చేయలేవని నేను అనడం లేదు. తమకు తెలిసిన పనిలో చేస్తే చాలా చేయగలవు. 30 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం ఉంది. ఊరి ఐటీఐ పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచడం కంటే అందులో ఒకటి రెండు శాతం ఎక్కువ తీసుకుని, నిజంగా మిషన్ మీద నిలబెట్టి నేర్పడం మేలు. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట క్రెష్ (పసిపిల్లలను చూసుకునే కేంద్రం) ఉండాలన్నది 2017 నుంచి చట్టం. దాన్ని కంప్యూటర్ ముందు కూర్చునే తల్లులకే పరిమితం చేయకుండా నేల తుడిచే తల్లుల పిల్లలకూ తెరిస్తే అంతకు మించిన మహిళా సాధికారత కార్యక్రమం ఉండదు. చెరువు దత్తత తీసుకునే కంపెనీ వాకింగ్ ట్రాక్ కంటే ముందు మురుగు వచ్చే తూమును చూడాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు అనుకుంటే, పదివేల మంది ఉన్న కాలనీ నుంచి రోజుకు దాదాపు 11 లక్షల లీటర్లు చెరువులోకి దిగుతాయి. దాన్ని మళ్లించకుండా కట్ట మీద ఎన్ని లైట్లు పెట్టినా గుర్రపు డెక్క మళ్లీ కమ్ముతుంది.

ఇక పత్రిక పని. షేర్ మార్కెట్లో లిస్టయిన వాటిలో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి కంపెనీలు 2022–23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక ఇవ్వాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశం. వార్షిక నివేదికలోనే ఉంటుంది. అందులో పర్మినెంట్, పర్మినెంట్ కాని కార్మికుల సంఖ్యలు విడివిడిగా ఉంటాయి. పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తింపు, పనిలో మరణాలు, వాడిన నీళ్లు, ప్రమాదకర వ్యర్థాల టన్నులు, సప్లయర్లకు సగటున ఎన్ని రోజులకు డబ్బు ఇస్తున్నారన్న అంకె ఉంటాయి. లిస్ట్ కాని కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి దాఖలు పత్రాలు చూడవచ్చు. పర్యావరణ అనుమతి పొందిన ఫ్యాక్టరీలు ఏటా జూన్ 1, డిసెంబర్ 1 నాటికి అర్ధ వార్షిక నివేదికలు ఇవ్వాలి, అవి పర్యావరణ అనుమతుల ప్రభుత్వ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో దొరుకుతాయి. సీఎస్‌ఆర్ కమిటీలో ఎవరున్నారో, బోర్డు ఏ ప్రాజెక్టులకు ఆమోదం ఇచ్చిందో కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఒక బిజినెస్ విలేకరికి ఇది సగం రోజు పని.

ప్రకటనలిచ్చే కంపెనీల విషయంలో ఇది మీకు ఇబ్బందేనని తెలుసు. అందుకే ఒక్క కంపెనీ మీద పరిశోధన చేయమని కాకుండా అందరికీ ఒకే నియమం పెట్టమని అడుగుతున్నాను. సీఎస్‌ఆర్ చెక్కు వార్త పంపే ప్రతి కంపెనీ నాలుగు విషయాల్లో అంకెలు జత చేయాలి. గత ఏడాది పుట్టిన, పంపిన ప్రమాదకర వ్యర్థం ఎన్ని టన్నులు, గేటు దాటే కాంట్రాక్టు కార్మికులు ఎందరుంటే వారిలో పీఎఫ్ ఉన్నవారు ఎందరు, 45 రోజులు దాటిన చిన్న సంస్థల బాకీ ఎంత, మూడేళ్ల కిందట ఇచ్చిన వాటిలో ఇవాళ పనిచేస్తున్నవి ఎన్ని. ఫ్యాక్టరీ లేని కంపెనీ మొదటిదాని బదులు తన క్యాంపస్ మురుగు శుద్ధి ప్లాంటు రోజుకు ఎన్ని కిలోలీటర్లు శుద్ధి చేస్తుందో, ఎన్ని ట్యాంకర్లు కొంటుందో చెప్పాలి. చెబితే ఫొటో కింద ఆ అంకెలు వేయండి. చెప్పకపోతే ఫొటో వేసి, కింద ‘అడిగిన వివరాలు కంపెనీ ఇవ్వలేదు’ అని ఒక్క లైను చేర్చండి. వచ్చే మార్చికి ఇంకా సమయం ఉంది. కంపెనీలకు ఈ నియమం ఇప్పుడే తెలియజేస్తే అంకెలు సిద్ధం చేసుకోలేదన్న సాకు కూడా ఉండదు.

ఇట్లు,
కంపెనీల లెక్కలు, సీఎస్‌ఆర్ నివేదికలు పరిశీలించే ఒక పాఠకుడు,
హైదరాబాద్